కూలోళ్ల కంచమూ, యల్లాప్రగడ సుబ్బారావు జీవితమూ

వారం కూలి చేతికి రాగానే మన ఇండ్లల్లో ముందు తెంపేది దుకాణం ఉద్దెర. షావుకారు బాకీ ఇచ్చినంక మిగిలిన పైసల్లోనే నూనె, ఉప్పు, కారం, చింతపండు, చాపత్త, చక్కెర రావాలి. బియ్యం రేషన్ మీద వస్తున్నాయి కాబట్టి కడుపు నిండుతున్నది. కాని పప్పు కాడికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. పావుకిలో పప్పు తెచ్చి దాన్నే నీళ్లచారు చేసి నాలుగు పూటలు వెళ్లదీసే ఇండ్లు నందిపేట్, ఆర్మూరు, బోధన్ దిక్కు ఎన్నో ఉన్నాయి.

కడుపు నిండటం వేరు, ఒంట్లో రక్తం ఉండటం వేరు. నాట్ల కాలంలో కళ్లు తిరిగి ఒడ్డు మీద కూలబడే ఆడకూలీలను, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే బీడీ కార్మికులను చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కూడా ఇదే. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు.

బలమైన తిండి అంటే యాపిల్ పండ్లు, డబ్బా పొడులు, రోజూ మాంసం అనే భ్రమ మన జనంలో బాగా ఉన్నది. అవి మనకెక్కడివి అని ఊరుకుంటాం. మరి తక్కువ పైసలతో ఒంటికి బలమిచ్చే తిండి ఎట్ల తినాలి? ఈ ప్రశ్నకు సగం జవాబును ప్రయోగశాలలో వెతికి పెట్టినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మిగతా సగం జవాబు ఏ శాస్త్రవేత్తా ఇవ్వలేడు. అది కూలి రేట్లలోనూ, రేషన్ సంచిలోనూ ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చూడటానికే ఆయన జీవితం ఇక్కడ చెప్పుకుందాం.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆరోగ్యం చెడిపోయి ముందే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. సుబ్బారావుకు చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలనేది ఆలోచన. తల్లి వెంకమ్మ ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్లీ బడికి తోలింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. పరీక్ష తప్పిన పిల్లలను ఇక వీడు పనికిరాడని పత్తి చేనుకో, ఇటుక బట్టీకో పంపే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

మద్రాసులో చదివే రోజుల్లో ఆయనకు రామకృష్ణ మఠంతో సంబంధం ఏర్పడింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. వైద్యం నేర్చుకుని జనానికి సేవ చేయటం మేలని అక్కడివారు నచ్చజెప్పారు. అట్ల మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. అవి స్వాతంత్ర్యోద్యమం రోజులు. గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. శస్త్రచికిత్స బోధించే తెల్లదొరకు అది కంటగింపైంది. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు పూర్తి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పత్రం చేతిలో పెట్టారు. ఒంటి మీది బట్ట చూసి తెలివికి వెల కట్టడం ఆనాటి పాలకుల పద్ధతి.

ఇద్దరు అన్నదమ్ముల చావు

ఆ కాలంలోనే ఆయన ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో ఒకే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బును ఇంగ్లీషు డాక్టర్లు స్ప్రూ అంటారు, మన వైద్యులు సంగ్రహణి అంటారు. విడవకుండా విరేచనాలు పడతాయి. నాలుక పుండ్లు పడుతుంది. తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గి, మనిషి ఎముకల గూడై పోతాడు. ఆనాడు దానికి సరైన మందు లేదు. పేగు తిండిలోని ఏ సారాన్ని పీల్చుకోలేక పోతున్నదో చెప్పగల డాక్టరు కూడా లేడు.

అదే జబ్బు సుబ్బారావునూ పట్టింది. ఆచంట లక్ష్మీపతి అనే పేరున్న వైద్యుడు ఆయుర్వేద మందులతో ఆయన్ను బతికించాడు. తర్వాత సుబ్బారావు లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. తనను బతికించిన మందులో పనిచేసిన పదార్థం ఏమిటి, అన్నదమ్ములకు లేకపోయింది ఏమిటి అనే ప్రశ్న ఆయన్ను వదల్లేదు. దాని జవాబు కోసం విదేశం పోయి పరిశోధన నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాడు.

పోవడానికి పైసలు లేవు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత ఇచ్చాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. 1920 దశకం మొదట్లో ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరాడు. గర్భంతో ఉన్న భార్య శేషగిరిని ఇక్కడే వదిలి పోయాడు. ఆమెకు కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. సుబ్బారావు మళ్లీ ఈ దేశానికి తిరిగి రాలేదు, భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు, దానికి మూల్యం చెల్లించిన ఆ ఇల్లాలిని కూడా తలచుకోవడం న్యాయం.

పాయిఖానాలు కడిగిన చేతులు

బోస్టన్‌లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరాడు గాని జీతం లేదు, వేతనం లేదు. ఒక ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా కుదిరాడు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. పగలు చదువు, రాత్రి చాకిరీ. మన పిల్లలు హైదరాబాదులో రాత్రంతా సెక్యూరిటీ డ్యూటీ చేసి పొద్దున కాలేజీకి పోతున్నట్టే ఆయనా చదివాడు.

తర్వాత ఫిస్కె అనే ఆచార్యుని దగ్గర జీవరసాయన శాస్త్రంలో పనికి కుదిరాడు. 1925లో వాళ్లిద్దరూ రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది ఫిస్కె–సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతా పేరు పొందింది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడు ఏటీపీని విడిగా కనుక్కున్నాడు.

ఈ పేర్లు మనకు కొత్తగా ఉండవచ్చు. వాటి పని మాత్రం రోజూ మన ఒంట్లో జరుగుతున్నదే. కొడవలి ఎత్తినప్పుడు, నారుకట్ట విసిరినప్పుడు, పసుపు కొమ్ములు తవ్వడానికి గడ్డపార దించినప్పుడు కండరానికి కావలసిన శక్తి ఆ క్షణంలో ఏటీపీ నుంచి వస్తుంది. అది ఖర్చయితే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని మళ్లీ నింపుతుంది. ఆ రెంటినీ నిలబెట్టేది మనం తిన్న తిండి. కూలివాడు అమ్ముకునేది శ్రమశక్తి అని మనం సభల్లో చెప్పుకుంటాం. ఆ శక్తి కండరంలో ఎక్కడ పుడుతున్నదో చూపించినవారిలో సుబ్బారావు ఒకడు. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

కార్జం, ఈస్టు, పాలకూర

1926లో అదే బోస్టన్ నగరంలో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ఒక విషయం తేల్చారు. ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకు కార్జం తినిపిస్తే రోగి కోలుకుంటున్నాడు. అప్పటి నుంచి కార్జంలో ఉన్న ఆ పదార్థం ఏమిటనే వేట మొదలైంది. సుబ్బారావు కూడా ఆ వేటలో దిగాడు.

అదే సమయంలో మన దేశంలోనే ఇంకో అడుగు పడింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలు రక్తహీనతతో ఎందుకు చనిపోతున్నారో పరిశీలించింది. వాళ్ల తిండి చూసింది. తెల్ల బియ్యం, రొట్టె తప్ప ఆకుకూర, పప్పు, మాంసం అంతగా లేవు. కార్జం కొనే స్తోమత వాళ్లకు లేదు. చవకగా దొరికే ఈస్టు సారం తినిపించి చూసింది, రక్తం పెరిగింది. 1931లో ఈ సంగతి ప్రకటించింది. ఈస్టులో పనిచేసిందేమిటో అప్పటికి తెలియదు. పేద కార్మిక స్త్రీల రక్తహీనతకు మూలం వాళ్ల కంచంలో ఉన్నదని మాత్రం రుజువైంది.

1941లో అమెరికాలోని టెక్సాసులో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిగా సారం తీసి, దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. మన మాటల్లో చెప్పాలంటే అది ఆకు పులుసు.

అప్పటికి సుబ్బారావు హార్వర్డు వదిలి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు మారాడు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధనకంతా పెద్ద అయ్యాడు. ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను శుద్ధమైన స్ఫటికాలుగా వేరు చేసింది. 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేయగలిగింది. టన్నుల కొద్దీ ఆకు నుంచి చిటికెడు తీయవలసిన పదార్థం ఇక మాత్రలుగా ఎంత కావాలంటే అంత తయారవుతుంది. టామ్ స్పైస్ అనే డాక్టరు అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పేద రోగులకు ఇచ్చి చూశాడు. రక్తం పెరిగింది. తర్వాత క్యూబా, ప్యూర్టో రికో దీవుల్లో స్ప్రూ రోగులకు ఇచ్చాడు, వాళ్లూ కోలుకున్నారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు సుబ్బారావు బృందం చేసిన మందు పనిచేసింది. ఈనాటికీ స్ప్రూకు డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, దానితో పాటు టెట్రాసైక్లిన్ జాతి మందు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు పెద్దగా ఉన్న లెడర్లీలో డగ్గర్ అనే శాస్త్రవేత్త కనుక్కున్నదే.

ఇంకా రెండు సంగతులు చెప్పాలి. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర సుబ్బారావు బృందం 1947లో బయటపెట్టిన మందే. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సరుకు 1947–48లో ఫార్బర్ అనే డాక్టరు మొదటిసారి కొంత ఉపశమనం చూపించింది కూడా సుబ్బారావు వాళ్లు తయారుచేసి ఇచ్చిన అమినోప్టెరిన్‌తోనే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

ఇంత చేసినా ఆయన పేరు జనానికి తెలియదు. 1948 ఆగస్టులో న్యూయార్క్ దగ్గర నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి 53 ఏళ్లే. నోబెల్ బహుమతి రాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా తీసుకోలేదు. భారత తపాలా శాఖ 1995లో, పుట్టిన నూరేళ్లకు, ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఆయన పనిచేసింది లాభాల కోసం నడిచే ప్రైవేటు కంపెనీలో. మందులు పేటెంట్ల గుప్పిట్లోకి పోయే లోకంలో ఉండి కూడా ఆయన వెతికినవి ఎక్కువగా పేద దేశాల జబ్బులకు మందులు.

మన కంచంలో ఏముండేది, ఏం పోయింది

ఇప్పుడు నిజామాబాదు జిల్లాకు వద్దాం. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. తర్వాత పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ వచ్చింది. కాలువ నీళ్లతో వరి, చెరకు, పసుపు పెరిగాయి. రైతుకు రాబడి వచ్చింది, కూలికి పని దొరికింది, అది కాదనలేం. కాని జొన్న గటక కంచంలోంచి జారిపోయింది. జొన్నల్లో సాలుగా వేసే కంది, పెసర, బొబ్బర తగ్గిపోయాయి. ఇప్పుడు ఆర్మూరు, నందిపేట్ దిక్కు పండే ఎర్రజొన్న ఎక్కువగా విత్తన వ్యాపారుల చేతికి పోతుంది, ఉత్తరాది రాష్ట్రాల్లో పశువుల మేతకు విత్తనమవుతుంది. జొన్న పండించిన కూలి మాత్రం తెల్లన్నం తింటున్నాడు. చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, చక్కెర చాయ మాత్రం మన ఇండ్లల్లో మిగిలింది.

పాతకాలపు జొన్న తిండి అంతా స్వర్గం అని చెప్పడం కూడా తప్పే. 1960 ప్రాంతంలో హైదరాబాదులో గోపాలన్, శ్రీకంఠయ్య అనే డాక్టర్లు పెల్లాగ్రా జబ్బును పరిశీలించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పడతాయి, మతి చెడుతుంది. వచ్చేది ఎక్కువగా ఒట్టి జొన్న మీద బతికే పేదలకు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒట్టి మక్కపిండి మీద బతికిన కౌలుదార్లకు, మిల్లు కార్మికులకు కూడా ఇదే జబ్బు వచ్చేది. ఇది అంటురోగం కాదు, పేదరికపు తిండి జబ్బు అని గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు 1914 తర్వాత రుజువు చేశాడు. ఒట్టి జొన్న అయినా, ఒట్టి మక్క అయినా, ఒట్టి బియ్యం అయినా ఒకే గింజ మీద బతకడమే ప్రమాదం. గింజకు పప్పు తోడు కావాలి, ఆకు తోడు కావాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కొలతల్లో లెక్క స్పష్టంగా ఉన్నది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఫోలేట్ సుమారు 10 మైక్రోగ్రాములు. జొన్నల్లో సుమారు 40. కందిపప్పులో 100 దాటి ఉంటుంది. పాలకూరలో 140 దాకా. గుండు శనిగల్లో 200 పైన. అంటే సుబ్బారావు సముద్రాలు దాటి వెతికిన సరుకు మన చేను గట్టు మీది ఆకులో, కంది కట్టెకు కాసిన కాయలో ఉన్నది.

తక్కువ పైసలతో చేయదగినవి

తోటకూర, పాలకూర, పుంటికూర, బచ్చలి, మెంతికూర, గంగవాయిలి కూర, మునగాకు – వీటిలో ఏది చవకగా దొరికితే అది రోజూ కూరలో పడాలి. ఇంటి ముందు నీళ్లు పారే చోట నాలుగు తోటకూర గింజలు చల్లితే ఒక నెలలో ఆకు వస్తుంది. మునగ కొమ్మ పాతితే చెట్టే అవుతుంది. గట్టు మీద ఆకు తెంపేటప్పుడు ఒక జాగ్రత్త ఉన్నది. కలుపు మందు, పురుగు మందు కొట్టిన చేను దగ్గర తెంపొద్దు. మందు ఎప్పుడు కొట్టారో రైతును అడగటం మన హక్కు.

ఆకును ముందు కడిగి తర్వాత తరగాలి. తరిగినంక నీళ్లలో నానబెడితే సారం నీళ్లలోకి పోతుంది. ఉడికించిన నీళ్లు పారబోయొద్దు, అందులోనే పప్పు వేయాలి. గంటల కొద్దీ మరిగించొద్దు, మూత పెట్టి మెత్తబడగానే దించాలి. వేడికి ఫోలిక్ యాసిడ్ చాలా మటుకు చెడిపోతుంది.

పప్పు ధర ఎక్కువ అనిపించినప్పుడు గుండు పెసర్లు, గుండు శనిగలు, బొబ్బర్లు, ఉలవలు చూడాలి. ఏది చవకైతే అది. పెసర్లు రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలు వచ్చినంక తింటే ఇంకా మేలు. పిల్లలకు బిస్కెట్ పుడకు పెట్టే పైసలతో గుప్పెడు పల్లీలు వస్తాయి. వాటిలో బలం ఎక్కువ, నూనె ఉన్నది, ఫోలేట్ ఉన్నది.

అన్నంలోకి నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూర, పప్పుల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చాయ దానికి శత్రువు. తినేటప్పుడు, తిన్న వెంటనే చాయ తాగితే ఇనుము పట్టదు. అన్నం తిన్న గంట తర్వాత తాగండి. కార్జం, చిన్న చేపలు, గుడ్డు దొరికినప్పుడు మొదట గర్భిణికి, బాలింతకు, పిల్లలకు పెట్టాలి. శ్రీరాంసాగర్ వెనకనీళ్ల చిన్న చేప పెద్ద చేపకన్నా చవక, బలంలో తక్కువ కాదు. ఆకుకూరలో, పప్పులో దొరకని బీ12 విటమిన్ చేపలో, గుడ్డులో, పాలలో ఉంటుంది. మన ఇండ్లల్లో అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినేది ఆడమనిషి. ఎక్కువ రక్తం కావలసింది కూడా ఆమెకే. ఈ వరస మార్చడానికి పైసా ఖర్చు లేదు.

గర్భిణులకు సర్కారు దవాఖానలో, ఆశా కార్యకర్తల దగ్గర ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ యాసిడే. కడుపు తిప్పుతుందని గోడ సందున పడేయొద్దు, అన్నం తిన్నాక మింగితే అంత ఇబ్బంది ఉండదు. బిడ్డ కడుపులో పడకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ అందితే వెన్నుపాము లోపాలు చాలా మటుకు రాకుండా ఆపవచ్చునని 1991లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. అయితే రక్తం తగ్గటానికి నులిపురుగులు, ఇనుము లోటు, బీ12 లోటు కూడా కారణం కావచ్చు. బీ12 లోటు ఉన్నవారికి ఒట్టి ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం పెరిగినట్టు కనబడి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. కాబట్టి మందుల దుకాణంలో సొంతంగా కొని మింగొద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలి.

మిగతా సగం జవాబు

ఇవన్నీ చేసినా ఒక లెక్క మిగులుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పు ధాన్యాలు కావాలి. నలుగురున్న ఇంటికి నెలకు 10 కిలోల పైన అవుతుంది. అంత పప్పు కొనగల కూలి ఇల్లు మీ వాడలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పోషకాహారం గురించి తెలియక మనం తినడం లేదని చెప్పే పెద్దమనుషులకు ఈ లెక్క చూపించాలి. తెలివి లేక కాదు, పైసలు లేక. పత్రిక చదివి తెలుసుకున్నంత మాత్రాన పప్పు కంచంలోకి రాదు.

2025 నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అది జనం సాధించుకున్న మేలు, కాపాడుకోవాలి. కాని బియ్యం సన్నమైనంత మాత్రాన అందులో పప్పు పుట్టదు. రేషన్ మీద పప్పు ఇవ్వలేమనే మాట నిజం కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు 9 సరుకులు ఇచ్చినప్పుడు అందులో కందిపప్పు ఉన్నది. 2020 కరోనా కాలంలో కేంద్రం ఇంటికి నెలకు కిలో పప్పు ప్రకటించింది. ఇవ్వాలనుకున్నప్పుడు ఇచ్చారు. బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలు వేసి 2024 మార్చి నాటికి దేశమంతా రేషన్‌కు పంపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకున్నది. గింజలో విటమిన్ కలపగల సర్కారు సంచిలో పప్పు కలపలేదా? మన జొన్న, మన కంది గిట్టుబాటు ధరకు కొని రేషన్ మీద ఇస్తే రైతుకూ మేలు, కూలికీ మేలు.

అంగన్‌వాడీల్లో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట అన్నం, పాలు, గుడ్డు పెట్టాలని పథకం ఉన్నది. మీ ఊళ్లో గుడ్డు రోజూ అందుతున్నదా, పాలు కొలత ప్రకారం పోస్తున్నారా అని చూడటం సంఘం పని. కూలికి పోయే గర్భిణి మధ్యాహ్నం అంగన్‌వాడీకి రాలేకపోతే ఆమె వాటా ఏమవుతున్నదో అడగాలి.

పేద ఇండ్ల తిండిలో ఏ లోటు ఉన్నదో వెతకడానికి సుబ్బారావు పాతికేళ్లు ఖర్చు పెట్టాడు. ఆయన వెతికి పెట్టినది ఈనాడు మాత్రగా ఆశా సంచిలో ఉన్నది, ఆకుగా గట్టు మీద ఉన్నది, పప్పుగా షావుకారు దుకాణంలో ఉన్నది. వచ్చే గ్రామసభలో ప్రతి వాడ నుంచి నలుగురు ఆడవాళ్లు లేచి మూడు సంగతులు అడగాలి. రేషన్ మీద పప్పు ఎప్పుడు ఇస్తారు? ఊళ్లో రక్తపరీక్షల శిబిరం ఏ తారీఖున పెడతారు? అంగన్‌వాడీ గుడ్ల లెక్క ఎక్కడ? నాట్లకు, కోతలకు కూలి రేటు మాట్లాడేటప్పుడు కూడా బియ్యం ధర ఒక్కటే కాదు, నెలకు 10 కిలోల పప్పు ధర కూడా లెక్కలో వేసి అడగండి.